కథలో ఎలుగు ఏం చేస్తదో బొమ్మ అదే చెయ్యాలె

(అచ్చంపేటలో ప్రాథమిక పాఠశాలల టీచర్లు, అంగన్‌వాడీ టీచర్లు కలిసి కూసున్న ఒక సమావేశంలో ఒకటి, రెండు తరగతులకు చెప్పే టీచర్ మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డు విని టైపు చేసినం.)

అందరికీ నమస్కారం. పెద్దసార్లకు, తోటి టీచర్లకు, పొద్దున సెంటర్లు చూసుకొని ఎండలో వచ్చిన అంగన్‌వాడీ అక్కలకు నమస్కారం. వెనక కూసున్నోళ్ళు జర ముందుకు రండ్రి. బొమ్మ చిన్నది, అక్కడికి కనపడదు. ఆఁ, ఆ రెండు బెంచీలు నిండాలె.

ముందుగాల ఒక ప్రశ్న అడుగుత. మన బడి అల్మారాలో బొమ్మలు ఉన్నయి గదా? ఉన్నయి. 2022లో మన సర్కారు బళ్ళల్ల చిన్న తరగతులకు చదువుడు, రాసుడు, లెక్కలు నేర్పే తొలిమెట్టు కార్యక్రమం మొదలైనప్పటి నుంచి కథ, పాట, ఆట అని మనం అనుకుంటనే ఉన్నం. 2023 ఫిబ్రవరిలో కేంద్రం వాళ్ళు మూడేండ్ల నుంచి ఎనిమిదేండ్ల పిల్లల కోసమని జాదూయీ పిటారా అనే ఆటవస్తువుల పెట్టె తెచ్చిండ్రు. అందులో కూడా బొమ్మలున్నయి, కథల పుస్తకాలున్నయి. మంచిదే. మరి మనం కథ చెప్పేటప్పుడు ఆ బొమ్మ ఏం చేస్తది? టేబుల్ మీద కూసుంటది. "ఇగో పిల్లలూ, ఇది ఎలుగుబంటి" అంటం. పిల్లలు "ఎలుగుబంటి" అంటరు. అంతే, దాని పని అయిపోయింది. మల్ల అల్మారాలోకి పోతది.

నేను ఇయ్యాల చెప్పేది ఒక్కటే మాట. కథలో ఆ జంతువు ఏ పని చేస్తదో, బొమ్మ ఆ పని చెయ్యగలగాలె. ఎక్కుతదా, ఎక్కాలె. నిలబడతదా, నిలబడాలె. తింటదా, తినాలె. అందం తర్వాత, ముద్దు తర్వాత, ముందు పని. ఏ పనో కథను అడగాలె, అడిగినంకనే కత్తెర పట్టాలె.

ఇది కొత్త సంగతేం కాదు. మన తెలంగాణలో కథ చెప్పేటోళ్ళు ఎన్నడన్నా ఉత్త నోటితోనే చెప్పిండ్రా? కథ బొమ్మలు వరుసగ గీసిన పొడుగాటి బట్ట, చేర్యాల పటం విప్పి, ఒక్కొక్క బొమ్మ మీద కర్ర పెట్టి చెప్పిండ్రు. గొల్లల కథ చెప్పే మందెచ్చులోళ్ళను మీలో పెద్దోళ్ళు చూసే ఉంటరు. కొయ్యబొమ్మలు పెట్టుకొని చెప్తరు. కథలో ఎవరి వంతు వస్తే ఆ బొమ్మ ముందుకు వస్తది. వంతు లేని బొమ్మను ఉత్తగ ఊపరు. మనకు బళ్ళె కావలసింది ఆ పద్ధతే.

"మేడం, ఇంత కష్టమెందుకు, దుకాణంలో టెడ్డీ దొరుకుతది గదా" అని అడుగుతరు. దొరుకుతది. ఆ టెడ్డీ ఎట్ల పుట్టిందో తెలుసా? అది కూడా కథలో నుంచి పుట్టిందే. 1902 నవంబరులో అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ మిసిసిపీకి వేటకు పోయిండు. ఆయనకు ఎలుగు దొరకలేదు. వెంట ఉన్నోళ్ళు ఒక ఎలుగును పట్టి, చెట్టుకు కట్టేసి, కాల్చమన్నరు. కట్టేసినదాన్ని నేను కాల్చనన్నడు. ఆ సంగతి మీద క్లిఫర్డ్ బెరిమన్ పేపర్‌లో కార్టూన్ గీసిండు. అది చూసి బ్రూక్లిన్‌లో మిట్టాయిల దుకాణం నడుపుకునే మారిస్ మిక్టమ్, రోజ్ మిక్టమ్ అనే ఆలుమగలు బట్టతోని ఎలుగును కుట్టి దుకాణంలో పెట్టిండ్రు. టెడ్డీ అంటే ఆ రూజ్‌వెల్ట్‌నే, ఆయనను జనం పిలిచిన పేరు.

ఇప్పుడు చెప్పండ్రి, ఆ కథలో ఎలుగు ఏం చేసింది? ఏం చెయ్యలేదు. దాన్ని కట్టేసిండ్రు, దాన్ని చూసి ఒకాయన జాలిపడ్డడు. అందుకనే ఆ బొమ్మ కూడా ఏం చెయ్యదు. కూసుంటది, మనం దగ్గరికి తీసుకుంటం. ఆ కథకు ఆ బొమ్మ సరిగ్గ సరిపోయింది. కాని మన కథ అది కాదు గదా. మన ఎలుగు కూడా అది కాదు.

మన ఎలుగు ఎక్కడుంటది? ఇక్కడనే, మన్ననూరు ఊరు దాటితే వచ్చే నల్లమల అడవిలో. అమ్రాబాద్ పులుల అభయారణ్యం రెండు వేల ఆరు వందల చదరపు కిలోమీటర్ల పైన ఉన్నది, పులి పేరుతో అందరికీ తెలుసు. ఆ అడవిలోనే ఎలుగు ఉన్నది. నల్లగ, జులపాలు జులపాలుగ వెంట్రుకలు. మూతి తెల్లబారి ముందుకు పొడుగ్గ ఉంటది. రొమ్ము మీద తెల్లగ వంపు మచ్చ. గోళ్ళు నాలుగంగుళాల దాకా ఉంటయి, చెదపుట్టను తవ్వుతది. పై వరుసలో ముందటి పండ్లు రెండు ఉండవు. ఆ సందులో నుంచి చెదపురుగులను పీలుస్తది. ఆ పీల్చే సప్పుడు చానా దూరం వినపడతది. చూపు తక్కువ, వాసన పట్టుడు ఎక్కువ. ఇంకొకటి, ఇది అన్నిటికన్న ముఖ్యం. తల్లి ఎలుగు పిల్లలను వీపు మీద ఎక్కించుకొని తిరుగుతది. ప్రపంచంలో ఎలుగులు ఎనిమిది రకాలు. పిల్లలను ఇట్ల ఎప్పుడూ వీపు మీద మోసుకుంట తిరిగేది మన ఎలుగే.

చెప్పండ్రి, ఇన్ని పనులు తెలిసిన జంతువును పట్టుకొని, గోధుమరంగు టెడ్డీని చూపించి "ఇది ఎలుగు" అంటే, అడవి పక్కన పుట్టిన పిల్ల నమ్ముతదా?

మేము చెప్పుకున్న కథ చిన్నది. ఇప్పపూలు రాలే కాలం. తల్లి ఎలుగుకు ఇద్దరు పిల్లలు. ఇద్దరూ వీపు మీద ఎక్కుతరు. తల్లి అడుగుతది, "గట్టిగ పట్టుకున్నరా?" పిల్లలంటరు, "పట్టుకున్నం!" ఈ మాట తరగతి అంతా అనాలె. మీరు కూడా అనండ్రి ఒకసారి. గట్టిగ పట్టుకున్నరా? ఆఁ, అట్ల! పుట్ట కాడికి పోతరు. తల్లి తవ్వుతది, మూతి పెట్టి పీలుస్తది. తల్లి తింటుండంగ చిన్న ఎలుగుపిల్ల వీపు దిగి పూల వాసనకు ఇప్పచెట్టు కిందికి పోతది. అక్కడ ఒక పాప వాళ్ళ అవ్వతోని పూలు ఏరుతున్నది. పాప చూసింది, ఎలుగుపిల్ల చూసింది. తల్లికి వాసన తగిలింది. లేచి రెండు కాళ్ళ మీద నిలబడ్డది. పాప ఉరుకలేదు, మొత్తుకోలేదు. అవ్వ చెయ్యి పట్టుకొని ఒక్కొక్క అడుగు వెనకకు వేసింది. తల్లి కూడా ముందుకు రాలేదు. పిల్ల మల్ల వీపు మీదికి ఎక్కింది. "గట్టిగ పట్టుకున్నరా?" "పట్టుకున్నం!" అడవిలోకి పోయిండ్రు.

పాప ఎలుగుపిల్లను ఎత్తుకొని ముద్దు పెట్టుకున్నదని నేను చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? పట్నం పిల్లలకు ఎలుగు పుస్తకంలో ఉంటది. మన దగ్గర కొన్ని ఊర్లకు, పెంటలకు, అంటే అడవిలోని చెంచుల గూడేలకు, ఎలుగు నిజం. ఇప్పపూలకు మనిషి పోతడు, ఎలుగు కూడా పోతది. చూపు తక్కువ గనుక మనిషి దగ్గరికి వచ్చేదాక దానికి తెల్వదు, తెలిసినంక బెదిరి మీదికి వస్తది. అందుకనే పెద్దోళ్ళు అడవిలో మాట్లాడుకుంట, సప్పుడు చేసుకుంట నడుస్తరు. బొమ్మ మీద ప్రేమ ఉండనియ్యండ్రి, ఉండాలె. కాని కథ పిల్లకు అబద్ధం నేర్పొద్దు. ఇది నేను గట్టిగ చెప్తున్న.

గొంగడి, చింతగింజలు, ఊలు

సరే, కథ ఏం పనులు అడిగింది? పిల్లలు ఎక్కాలె, దిగాలె. తల్లి నిలబడాలె. మూతితోని పీల్చాలె. మూడు పనులు. ఇప్పుడు బట్ట దగ్గరికి వద్దాం.

ఒంటికి ఏం బట్ట? మేము పాత గొంగడి ముక్క తీసుకున్నం. మన పాలమూరు దిక్కు కురుమోళ్ళు నేసే గొంగడి, దక్కని గొర్రెల నల్ల ఉన్ని. ఇంటింటికీ ఒకటి చినిగింది పడి ఉంటది. అడగండ్రి, ఇస్తరు. దాని గరుకు, దాని నలుపు ఎలుగు ఒంటికి అచ్చంగ సరిపోతది. ముందుగాల వేపాకు వేసిన నీళ్ళలో నానబెట్టి, ఉతికి, నీడకు ఆరెయ్యాలె. ఉన్ని గదా, పురుగు ఉండొచ్చు. మందంగ ఉంటది కాబట్టి సన్న సూది వంగుతది, చిన్న దబ్బనం పెట్టుకోండ్రి.

పేపరు మీద ఎలుగు ఆకారం గీసి కత్తిరించుకోవాలె. మాది జానెడున్నర పొడుగు. పేపరును బట్ట మీద పెట్టి సుద్దముక్కతో గీత గీసి, గీతకు బయట వేలు వెడల్పు వదిలి కత్తిరించాలె. గొంగడి అంచు పోగులు ఊడుతది, అందుకని కత్తిరించిన వెంటనే అంచు చుట్టూ ఒక కుట్టు తిప్పండ్రి. రెండు ముక్కల మంచి మొకాలు, అంటే బయటికి కనపడే దిక్కులు, లోపలికి పెట్టి, ముందుగాల కచ్చా కుట్టు, అంటే దూరం దూరం కుట్టు, తర్వాత బఖియా, అంటే సూదిని వెనకకు తెచ్చుకుంట వేసే గట్టి కుట్టు. దారం మూరెడు కన్న పొడుగు పెట్టుకోవద్దు, ముడులు పడతయి. మెడ కాడ, కాలి కాడ వంపులుంటయి గదా, అక్కడ కుట్టుకు తగలకుండ కత్తెరతోని చిన్న చిన్న కోతలు పెట్టాలె. లేకపోతే తిరగేసినప్పుడు ముడుతలు పడతయి. తిరగేసుడు గరిటె కాడతోని చెయ్యండ్రి, పెన్సిల్ మొన గుచ్చితే కుట్టు తెగుతది.

అడుగుకు చాయ సాసరంత గుండ్రని ముక్క వెయ్యాలె. అది వేస్తనే నిలబడతది. నింపుడు ఎట్ల? దర్జీ కాడ మిగిలిన కాటన్ ముక్కలు, పాత బనియన్లు. వీటిని పేలికలు చేసే పని పిల్లలది. చించుడు, మెలిపెట్టుడు, కూరుడు. ఒకటో తరగతి పిల్లకు పలక మీద రాసే ముందు వేళ్ళకు ఇంతకన్న మంచి పని ఏమున్నది? మనకు పత్తి ఊరిదే గదా అని చేను నుంచి తెచ్చి నేరుగ నింపకండ్రి. గింజ ఉంటది, పురుగు పడతది. దూది నింపితే గింజ తీసినదే నింపాలె. తల, మూతి ముందుగాల నింపండ్రి, కొంచెం కొంచెం, మూలల్లోకి పోయేటట్టు. ముందటి కాళ్ళు మెత్తగ వదిలెయ్యాలె, భుజం కాడ మాత్రమే కుట్టాలె. అప్పుడు నాలుగు కాళ్ళ మీద నడిచినట్టు పెట్టొచ్చు, లేపితే చేతులు లేస్తయి.

నిలబడుడుకు కింద బరువు కావాలె. ఎండిన చింతగింజలు, రెండు వరుసల బట్ట సంచిలో పోసి, మూతి గట్టిగ కుట్టేసి, కింద పెట్టినం. ఇగో, టేబుల్ మీద చూడండ్రి. జర తోసిన. పడ్డదా? పడలేదు.

మూతికి పాత తెల్ల పంచె ముక్క. కొనను మూసెయ్యలేదు, చిన్న జేబు లాగ వదిలినం. చెదపురుగులకు తెల్ల ఊలు తుంపలు. బోర్లించిన బకెట్ మీద ఎర్రమట్టి రంగు బట్ట కప్పితే పుట్ట. పిల్లలు ఎలుగు మూతి పెట్టి, సప్పుడు చేసుకుంట తుంపలను జేబులోకి తోస్తరు. తర్వాత బయటికి తీసి లెక్కపెడతరు. ఇయ్యాల ఎలుగు ఎన్ని తిన్నది? పద్నాలుగు. నిన్నటికన్న ఎన్ని ఎక్కువ? లెక్కల పీరియడ్ అందులోనే అయిపోతది.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలె. ఆరేండ్లు, ఏడేండ్ల పిల్లలకు పాలపండ్లు ఊడుతుంటయి గదా. ముందటి పండ్లు లేక నవ్వడానికి సిగ్గుపడతరు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటరు. ఎలుగుకు కూడా ముందటి పండ్లు రెండు లేవని, లేకపోవుడే దానికి మేలని, ఆ సందుతోనే అది పీలుస్తదని చెప్పినప్పుడు, మా రెండో తరగతిలో ఒక పిల్లగాడు లేచి "నాకు కూడా వస్తది ఆ సప్పుడు" అన్నడు. చేసి చూపించిండు. పండ్లు ఉన్నోళ్ళకు ఆ సప్పుడు సరిగ రాలేదు! ఆ వారమంతా పుట్ట కాడ ఎలుగు పని వాళ్ళదే. "స, శ" పలకలేక వెనక్కి పోయే పిల్లలు ముందుకు వచ్చిండ్రు. దీన్ని నేను ప్లాన్‌లో రాయలేదు. బొమ్మ పని చేస్తే పాఠం అట్ల కదులుతది.

ఇంక వీపు సంగతి. ఎలుగుపిల్లలు అరచేతంత ఉంటయి. వాటి అరికాళ్ళకు, అరచేతులకు వెల్క్రో పట్టీలో గరుకు వైపు ముక్కలు కుట్టినం. తల్లి వీపుకు ఏం కుట్టలేదు. గొంగడి ఉన్నినే ఆ గరుకు పట్టుకుంటది. చూడండ్రి, తలకిందులు చేసినా పడదు. పీకితే చర్రుమంటది, పిల్లలకు ఆ సప్పుడంటే ఇష్టం. అంగన్‌వాడీ అక్కలు అడుగుతరని ముందే చెప్తున్న. మూడేండ్ల లోపు పిల్లలున్న చోట గుండీలు, పూసలు, చింతగింజలు వద్దు. నోట్లో పెట్టుకుంటరు, గొంతులో పడతయి. కండ్లు దారంతోనే కుట్టండ్రి, ఎలుగు కండ్లు చిన్నగనే ఉంటయి కాబట్టి నాలుగు పోగులు చాలు. బరువుకు పేలికలను గట్టిగ చుట్టి పెట్టండ్రి. ఊలు తుంపలు కూడా మీకు వద్దు.

పిల్లలు పెట్టే పని

బొమ్మ తయారైంది, ఇంక మార్చేది లేదు అనుకోవద్దు. మా బడిలో ఒక పాప ఉన్నది, పెంట నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకుంటది. తరగతిలో నోరు విప్పేది కాదు. పిల్ల ఎలుగును తల్లి వీపు మీద ఎవరో అడ్డంగ పెడితే, లేచి వచ్చి తీసి, తల తల్లి భుజాల దిక్కు పెట్టి సరిచేసింది. చేసి ఏమన్నదంటే, "ఎలుగు చెట్టు కూడా ఎక్కుతది మేడం, తేనెకు. దిగేటప్పుడు వెనకకు వెనకకు దిగుతది." వాళ్ళ తాత చూపించిండట.

అప్పుడు ఏం చెయ్యాలె? కథలో చెట్టు ఎక్కుడు లేదు అనాలెనా? కథలోకి తెచ్చినం. తల్లి తేనెకు చెట్టు ఎక్కింది. మరి బొమ్మ ఎక్కాలె గదా? మిగిలిన గొంగడి పట్టీని వరండా స్తంభానికి చుట్టినం. తల్లి ముందటి కాళ్ళకు కూడా వెల్క్రో కుట్టినం. పెట్టినం, జారి పడ్డది. మల్ల పెట్టినం, మల్ల పడ్డది. ఎందుకు పడుతున్నది? నేను చెప్పలేదు. పిల్లలు ఎత్తి చూసిండ్రు, పట్టుకొని తూచిండ్రు. "కింద గింజలున్నయి, బరువు" అన్నరు. నిలబడాలంటే గింజలు కావాలె, ఎక్కాలంటే గింజలు వద్దు. అడుగు కుట్టు విప్పి, అక్కడ టిచ్ బటన్లు పెట్టినం. ఇప్పుడు పుట్ట కాడ గింజల సంచి లోపల ఉంటది, చెట్టు కాడ బయటికి వస్తది. బరువు అంటే ఏందో రెండో తరగతికి ఇంతకన్న బాగ నేను చెప్పలేను. ఆ పాప ఇప్పుడు చెట్టు భాగం కథ తనే చెప్తది.

దుకాణంలో కొన్న బొమ్మను ఇట్ల విప్పగలమా? విప్పితే పాడైందంటరు. మనం కుట్టింది గనుక ఏ కుట్టు ఎక్కడున్నదో మనకు తెలుసు. జర్మనీలో మార్గరెటె స్టైఫ్ అనే ఆమె ఉండేది, చిన్నప్పుడే పోలియో వచ్చి నడవలేకపోయింది, కుట్టుపని నేర్చుకున్నది. 1880లో ఆమె సూదులు గుచ్చి పెట్టుకునేటందుకు చిన్న చిన్న బట్ట ఏనుగులు కుట్టింది. పిల్లలు వాటిని తీసుకొని ఆడుకున్నరు. సూదుల మెత్త కాస్త ఆటబొమ్మ అయింది, ఆ ఇంటి పేరుతో పెద్ద బొమ్మల కంపెనీ అయింది. పిల్లలు ఏం చేస్తున్నరో ఆమె చూసింది గనుకనే అది జరిగింది. మనం కూడా అదే చూడాలె. కథ అయినంక బొమ్మను అల్మారాలో పెట్టి తాళం వెయ్యకండ్రి. పిల్లల అందుబాటులో ఒక బుట్టలో ఉంచండ్రి. ఆడుకునేటప్పుడు దానితోని ఏ పని చేయిస్తరో చూడండ్రి. చినుగుతది, చినగనియ్యండ్రి, దారం మన దగ్గరనే ఉన్నది.

ఆ చివర మేడం ఏదో అడిగిండ్రు... ఆఁ, ఉతుకుడు. గొంగడి ఎలుగును నీళ్ళలో ముంచితే లోపల పేలికలు ఆరవు, వాసన వస్తది. ఎండకు పెట్టి దులపండ్రి, మూతిని మాత్రం తడిబట్టతో తుడవండ్రి. నెలకోసారి అడుగు విప్పి నింపినదంతా తీసి, తోలును వేరేగ ఉతకొచ్చు. జలుబు, గజ్జి ఉన్న పిల్లలు పట్టుకున్నంక మాత్రం ఆగకండ్రి, ఆ రోజే ఉతకండ్రి.

సరే, ఇంక మాటలు చాలు. మీ ముందు పాత పేపర్లు, సుద్దముక్కలు పెట్టించిన. ముగ్గురు ముగ్గురు కూసోండ్రి. మీ తరగతిలో ఈ నెల చెప్పే కథ ఏదో అనుకొని, అందులో జంతువు చేసే పని ఒకటి పేపరు పైన రాయండ్రి. తర్వాతనే ఆకారం గియ్యండ్రి. తాబేలు రాసుకున్నోళ్ళు నా దగ్గరికి రండ్రి, తల లోపలికి పోయి బయటికి రావాలంటే మెడ కాడ కుట్టు వేరే తీరు ఉంటది, అది చేతిలో పట్టుకొని చూపించాలె. దబ్బనాలు ఆ డబ్బాలో ఉన్నయి, లెక్కపెట్టి తీసుకోండ్రి, లెక్కపెట్టి మల్ల పెట్టండ్రి.